పొగ లేని వంటిళ్లు

2006 మార్చిలో సైంటిస్టులకు లెక్కలు నేర్పడానికి భద్రాచలం వెళ్లాను. గాలి, నీళ్లు మనుషుల ఒంటికి ఏం చేస్తున్నాయో అంకెల్లో తేల్చడం నా పాఠం. నాకంటే వయసులో, డిగ్రీల్లో పెద్దవాళ్లు నన్ను మేడం అనేవాళ్లు. కరెంటు పోయినప్పుడు మాత్రం అందరం సమానమయ్యేవాళ్లం.

వాళ్లలో మెహర్ అనే డాక్టరు పినపాక దాటాక ఒక గూడెంలో, గాలి పీల్చి మసిని తెల్ల కాగితం మీద పట్టే మిషన్‌ను ఇళ్లల్లో పెట్టి, కట్టెల పొయ్యి పొగ కొలిచింది. పొగ ఎక్కువని తేలితే ఆ ఇళ్లకు పొగను బయటికి పంపే గొట్టం పొయ్యిలు వస్తాయి. లేకపోతే రావు. శుక్రవారం ఆఫీసర్లకు ఫలితం చూపించాలి. ఆమె అంకెల్ని గ్రాఫ్‌లో వేస్తే, ఆ వంటిళ్ల గాలి మా క్లాసు గాలికంటే శుభ్రంగా తేలింది.

"ఏంది టీచరమ్మా, కట్టెలు కాలుస్తే పొగ రాదా?" అంది మెహర్.

"కంప్యూటర్ రాదంటోంది మరి."

"నీ కంప్యూటర్‌కు దగ్గు రాదు గద. గా గూడెంల భీమక్కను అడుగు, రాత్రంత దగ్గుడే."

మర్నాడు మిషన్ వేసుకుని జీపులో గూడేనికి బయల్దేరాం. దారంతా ఇప్పపూల వాసన. పొద్దుటి మంచులో చెట్లు ఒక్కొక్కటే వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ వెనక్కి వెళ్లిపోతున్నట్టుంది. నేను నిద్రపోయానో లేదో నాకే తెలియదు. గూడెం వచ్చిందన్నారు, దిగాను.

భీమక్క మంచం వాల్చింది. ఇంటి వెనక చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి ఉంది. పక్కిళ్ల వెనకా ఉన్నాయి.

"గివి ఎప్పుడు పెట్టిన్రు అక్కా?" అంది మెహర్.

"మీ మిషన్ వచ్చిననాడు. అది మా ఇండ్లల్ల ఉన్నన్ని దినాలు బయటనే వండుకున్నం."

"ఎందుకు?"

"ఎందుకేంది బిడ్డా. తెల్లటి కాగితం పెట్టుకొని వచ్చిందాయె. ఇంటికొచ్చినదాని మొకాన మసి పూస్తమా?"

నేను నవ్వాను. మిషన్లు చేసే తప్పులన్నీ క్లాసులో చెప్పాను గానీ, మర్యాదకు పట్టికలో ఎక్కడా గడి పెట్టలేదు. మెహర్ నవ్వలేదు.

"మళ్ల కొలవాలె. గని లోపల కూసొని పొగ తాగమని నేనెట్ల చెప్త? నువ్వు బయట ఉండక్కా, నేను వండుత."

మిషన్ గోడకు వేలాడదీసి, తేనెటీగలా అది రొద పెడుతుంటే, ఊదుగొట్టం అందుకుంది. కాసేపటికి గడప మీది నుంచి భీమక్క తొంగిచూసింది.

"ఊదుడు రాక ఉన్న పొగకు రెండింతలు పుట్టిస్తున్నవ్. దొంగ లెక్కతోని వచ్చే పొయ్యి మాకెందుకు? జరుగు."

మెహర్ జరిగింది గానీ బయటికి రాలేదు. నేనూ వెళ్లి కూర్చున్నాను. పొగ నిండేకొద్దీ గోడలు కరిగిపోయాయి. వాళ్లిద్దరూ నీళ్ల అడుగున కూర్చున్నట్టు కనబడ్డారు. భీమక్క దగ్గు మాత్రం ఎక్కడో దూరం నుంచి, ఆగకుండా వినిపిస్తోంది.

అన్నం దించాక మెహర్ మిషన్ విప్పింది. కాగితం నల్లబడింది. భీమక్క దాన్ని వెలుగులోకి తెచ్చి చాలాసేపు చూసింది.

"గిదంత నా లోపలికి పోతాందా?"

"అవ్ అక్కా. దినాం."

ఆమె కాగితం మెహర్ చేతికిచ్చి, వాకిట్లోకి వెళ్లి పక్కింటివైపు కేకేసింది.

"ఓ రామక్కా, మిషన్ మీ ఇంటికొస్తాంది. లోపలనే వండు. దానికి మసి అంటనీ, ఏం కాదు."