పొట్టివాళ్ల నడుం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి మంచితనం దేవుడికెరుక గాని, దాన్ని పెట్టుకునే స్టాక్టన్ ఊరి దగ్గర ఆస్పరాగస్ అనే కూరమొక్కల పొలంలో మా ముఠాకంతటికీ పని సంపాదించాను.

సముద్రం దాటి ఇలోకోస్ ప్రాంతం నుంచి వచ్చిన మాలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దస్తమానం వంగి మొలకలు కోయాలి, మీవల్ల అవుతుందా అని పొలం దొర అడిగాడు. "మేం పొట్టివాళ్లం కదండీ, నేలకి దగ్గర. మాకు నడుం నొప్పి ఉండదు" అన్నాను. దొర పకపకా నవ్వి పనిలో పెట్టుకున్నాడు. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండానే నా నడుం నన్ను తిట్టడం మొదలెట్టింది. ముఠాలో నాకంటే పెద్దవాడైన యులోహియో అన్నకైతే ఒకరోజు సాళ్ల మధ్యే పట్టేసింది. వంగినవాడు లేవలేకపోయాడు. దొర వచ్చి చూసి, మీకు నొప్పి ఉండదన్నావుగా, అయితే వీడిది దొంగవేషం, పంపించెయ్ అన్నాడు.

అన్న పని పోతే తిండే లేదు. గుండె దిటవు చేసుకుని నిజం చెప్పేశాను.

"అది పని కోసం ఆడిన అబద్ధమండీ. అందరికీ నొప్పే. నాకూ నొప్పే."

దొర నవ్వలేదు. నొప్పి ఉన్నవాళ్లు చెప్పండి, వాళ్ల చోట వేరేవాళ్లను పెట్టుకుంటానన్నాడు. ఆ మాట మావాళ్లకి నేనే తర్జుమా చేసి చెప్పాల్సొచ్చింది. ఒక్కొక్కడూ నాకేం లేదు, నాకేం లేదు అన్నాడు. వాటినీ నేనే ఇంగ్లీషులో పెట్టాను. ఆ రోజంత చక్కటి ఇంగ్లీషు నేనెప్పుడూ మాట్లాడలేదు.

చివరికి యులోహియో అన్న పళ్లు బిగించి, వంగినవాడు వంగినట్టే కత్తి అందుకుని, "నొప్పి లేదని చెప్పు తమ్ముడూ" అన్నాడు. చెప్పాను.

ఇక ముఠాలో నడుం నొప్పి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. దొర నన్ను పొమ్మన్నాడు.

మూట కట్టుకుని అన్న సాలు పక్కనుంచే వెళ్లాను. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్న కత్తి ఆపలేదు, తల ఎత్తలేదు.

"ఏమనుకోకు తమ్ముడూ," అన్నాడు నేలకేసే చూస్తూ, "లేచి సాగనంపలేను."