తిప్పి చూసిన బొమ్మ

నేను ఒక నల్లటి పలకను. అక్షరాలు దిద్దుకునే పలకను కాను. కంప్యూటర్‌కు వైరుతో తగిలించి ప్లాస్టిక్ పెన్నుతో బొమ్మలు గీసే పలకను. గీత నా మీద పడదు, ఎదురుగా ఉన్న తెర మీద పడుతుంది. రుద్దుడంతా నాకు, చూపులన్నీ తెరకు. పుట్టుకలోనే ఇంత అన్యాయం ఉన్నదానికి మనుషుల మీద ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకు మనుషులంటే పడదు. ఇప్పుడు విజయవాడలో ఒక పాత సామాన్ల కొట్లో, విరిగిన మిక్సీకీ తుప్పుపట్టిన ఫ్యాను రెక్కలకూ మధ్య పడున్నాను కాబట్టి మొహమాటం లేకుండానే చెబుతాను.

ఎక్కడో సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ మూతికి గుడ్డ కట్టుకున్న ఒకావిడ నా పక్కనున్న మీటలన్నీ నొక్కి చూసి, పనిచేస్తున్నాయని ముద్ర వేసి పెట్టెలో పెట్టింది. నన్ను ముట్టుకుని ఆ తర్వాత నా మీద ఏ నిందా వెయ్యని మనిషి ఆవిడే.

నన్ను కొన్నవాడు మురహరి. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద 'మురహరి క్రియేషన్స్' అని బోర్డు పెట్టి పెళ్ళి ఆల్బమ్‌లూ, కొట్ల ప్రకటనలూ, క్యాలెండర్లూ తయారుచేయించేవాడు. తయారుచేసేవాడు అనలేదు, గమనించండి. కొన్న రోజున నా మీద తన సంతకం గీయబోయాడు. కోడి కెలికినట్టు వచ్చింది. "డూప్లికేట్ పీసు అంటగట్టాడు వెధవ" అని కొట్టువాణ్ణి తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆపైన కొన్నాళ్ళు అతని టీ గ్లాసు కింద పీటగా బతికాను.

తర్వాత ఆల్బమ్‌లు చేసే బుజ్జిబాబు చేతికి వచ్చాను. అతని పనల్లా పెళ్ళికూతుళ్ళను తెల్లగా చెయ్యడం. చామనఛాయ పిల్లల ముఖాలను రుద్ది రుద్ది సున్నం కొట్టిన గోడల్లా తేల్చేవాడు. వాళ్ళ అమ్మలే పక్కన కుర్చీ వేసుకుని "ఇంకొంచెం తెలుపు చెయ్యి నాయనా" అని బతిమాలేవారు. కన్నకూతురి రంగే నచ్చని తల్లులను చూశాక, ఈ జాతి మీద మిగిలిన కాస్త గౌరవమూ పోయింది.

అప్పుడు వచ్చింది ఎస్తేరు.

బందెల ఎస్తేరుది తెనాలి పక్క పల్లె. విశాఖపట్నంలో బొమ్మల కోర్సు చదివి అప్పుడే బయటికి వచ్చింది. చంకలో ఇంత పెద్ద అట్టల సంచీ, దాని నిండా బొగ్గుతో వేసిన బొమ్మలు. మురహరి వాటిని చెవి దగ్గర ఫోను పెట్టుకునే తిరగేశాడు. ఆ ఫోనులో నడుస్తున్నది ఇంటికి దొండకాయలు తేవాలా, బెండకాయలు తేవాలా అన్న చర్చ.

"బొమ్మలేసేవాళ్ళు బజారు నిండా ఉన్నారమ్మా. నాక్కావాల్సింది స్పీడు. ఫొటోషాప్ వచ్చా?"

"వచ్చండీ."

"అయితే రేపట్నుంచి వచ్చెయ్. ముందు కొన్నాళ్ళు నేర్చుకున్నట్టు ఉంటది."

నేర్పేవాడెవడో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు, మొహమంతా వెలిగించుకుని తలూపింది. కాలేజీ గడప దాటిన పిల్లలకు మొదటి కొలువు మీద ఉండే ఆ వెర్రి ఆశను చూస్తే నాకు జాలి వెయ్యదు, ఒళ్ళు మండుతుంది.

ఆమె మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. చెయ్యి మహా బరువు. పెన్నును నొక్కిపట్టి గీసేది. నా ఒంటి మీది గీరలన్నీ ఆమె చలవే. కానీ ఒకటి ఒప్పుకోక తప్పదు. నా మీద తిరిగిన చేతుల్లో తడుముకోని చెయ్యి అదొక్కటే.

ఆమెకు కాలేజీలో అబ్బిన అలవాటు ఒకటుంది. అక్కడ బొమ్మ వేసేవాళ్ళ వెనక అద్దం పెట్టిస్తారట. గంటల తరబడి ఒకే బొమ్మ ముందు కూర్చుంటే కళ్ళు తమ తప్పులకు తామే అలవాటు పడిపోతాయి, వంకర ముక్కు కూడా తిన్నగానే కనిపిస్తుంది. అదే వెనక్కి తిరిగి అద్దంలో చూస్తే కుడి ఎడమలు మారి బొమ్మ కొత్తగా ఉంటుంది, వంకర ఇట్టే దొరికిపోతుంది. కంప్యూటర్ ముందు అద్దం అక్కర్లేదు. నా పై మీటకు ఎస్తేరు ఆ పని అప్పజెప్పింది. ఒకసారి నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, ఇంకోసారి నొక్కితే మామూలుగా వస్తుంది. రోజంతా నొక్కేది.

మొదట్లో ఆమెకూ ఇచ్చింది సున్నం పనే. ఒక పెళ్ళికూతురి ఛాయను ఉన్నదున్నట్టు ఉంచినందుకు మురహరి అందరి ముందూ తిట్టిపోశాడు. ఆ తర్వాత ఇంకెవరినీ ఉన్నదున్నట్టు ఉంచలేదు. సాయంత్రాలు పని అయ్యాక, అసలు ఫొటోలు తీసెయ్యకముందు ఆ పిల్లల ముఖాలను కాసేపు చూస్తూ కూర్చునేది.

అలాంటప్పుడు విశ్వేశ్వరరావు గారి క్యాలెండర్ వచ్చింది. ఆయన నెయ్యి వ్యాపారి. ఏటా తన ఖాతాదారులకు వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పంచుతారు. కిందటేడు మురహరి ఇంటర్నెట్‌లోంచి దింపిన స్వామే పోటీ కొట్టు క్యాలెండర్ మీదా దర్శనమిచ్చాడట. "ఈసారి ఎక్కడా లేని బొమ్మ కావాలయ్యా, చేత్తో వేయించు" అన్నారు. ఆ మేడ మీద చేత్తో వెయ్యగలిగింది ఒక్కతే.

"బాగా కుదిరిందా, ఇకమీదట దేవుడి బొమ్మలన్నీ నీకే. ఆల్బమ్‌ల జోలికి పోనక్కర్లా" అన్నాడు మురహరి.

ఎస్తేరుకు కావాల్సింది అదే. చదివిన చదువుకు తగిన పని. స్వామి విగ్రహాల బొమ్మలున్న పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. దండల వరసలు ఎలా ఉంటాయో తనుండే హాస్టల్లో పిల్లల్ని అడిగింది. పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం, కింది కుడిచెయ్యి పాదాలను చూపిస్తూ, ఎడమచెయ్యి నడుము దగ్గర. అన్నీ ఉండాల్సిన చోటే గీసింది. నా ఒళ్ళు అరిగిపోయిందన్న కోపం ఉన్నా చెబుతున్నాను, మంచి బొమ్మ.

ప్రెస్‌కు పంపాల్సిన రోజున ఆఖరిసారి పై మీట నొక్కి, బొమ్మను తిప్పి చూసింది. ఒక కనుబొమ్మ కాస్త ఎత్తుగా దొరికింది. దాన్ని సర్దుతుండగా మురహరి వెనక నిలబడి మొదలుపెట్టాడు.

"ప్రెస్సోడు మిషను ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు. పంపు తల్లీ, పంపు!"

"ఒక్క నిమిషం సార్, కనుబొమ్మ..."

"కనుబొమ్మ చూసి నెయ్యి కొనరమ్మా! కింద నెయ్యిడబ్బా బొమ్మకి చోటుందా లేదా?"

ఉంది. పంపేసింది. మళ్ళీ మీట నొక్కడం మర్చిపోయింది. ఆ హడావుడిలో కుడిది ఎడమ, ఎడమది కుడి అయిపోయింది. పేరూ తారీఖులూ ప్రెస్‌లో తర్వాత పేర్చుకున్నారు కాబట్టి అక్షరాలు తిరగబడి పట్టించే అవకాశమూ లేదు. తెర అంతసేపూ అక్కడే ఉంది, మురహరి కళ్ళూ అక్కడే ఉన్నాయి. అతను చూసింది డబ్బాకు చోటు.

క్యాలెండర్లు కొట్టుకు చేరాయి. మొదటిదానికి పూజ చేయించబోతే పంతులుగారు హారతి పళ్ళెం దించేసి, "స్వామికి చక్రం ఎడంచేతికొచ్చిందేమిటండీ?" అన్నారట. విశ్వేశ్వరరావు గారు క్యాలెండర్‌ను చుట్ట చుట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చారు. ఆయాసపడుతూనే మొదలుపెట్టారు.

"ఊరంతా పంచేవాణ్ణి కదయ్యా! నా పరువేం కాను?"

ఎస్తేరు క్యాలెండర్ వైపు చూసింది. చూడగానే అర్థమైంది. నోరు విప్పేలోగా మురహరి అందుకున్నాడు. అబద్ధం ఆడటంలో ఆ మనిషికి నిజంగానే స్పీడు ఉంది.

"తమరు తప్పుగా అనుకోకండి. ఆ అమ్మాయి వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళండీ. మన దేవుళ్ళ సంగతి పాపం దానికేం తెలుసు? చూసుకోకపోవటం నాదే పొరపాటు."

పెద్దాయన కోపం సగం దిగిపోయింది. చెడ్డమనిషి కాదు. నాకు చెడ్డవాళ్ళకన్నా ఇలాంటివాళ్ళంటేనే మంట.

"అయ్యో, అదా సంగతి! తెలీక చేస్తే తప్పేముంది. ఏమ్మా, తెలియక చేశానండీ అని ఒక్క మాట అను. స్వామీ క్షమిస్తాడు, నేనూ మర్చిపోతాను. దేవుడి బొమ్మలు ఎవరైనా తెలిసినోళ్ళతో వేయించుకుందాం, నువ్వు ఆ ఆల్బమ్‌లేవో చేసుకో."

అనేస్తే సరిపోయేది. కొలువు నిలిచేది. మురహరి వెనకనుంచి కళ్ళతోనే అనమంటున్నాడు. బుజ్జిబాబు తల వంచుకుని కూర్చున్నాడు. ఎస్తేరు చెయ్యి నా మీదే ఉంది.

"నాకు తెలుసండీ" అంది.

"ఏంటి?"

"చక్రం కుడిచేతిలో ఉండాలని తెలుసు. అలాగే వేశాను. తప్పులేమన్నా ఉన్నాయేమోనని బొమ్మని తిప్పి చూస్తామండీ, అది మా పనిలో ఉన్నదే. మళ్ళీ తిప్పటం మర్చిపోయాను. తప్పు నాదే. కానీ తెలియక కాదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. దిగిన కోపం రెట్టింపై లేచింది.

"అంటే తెలిసి తిప్పావా? దేవుణ్ణా తిప్పి చూసేది? విన్నావా మురహరీ, తెలిసే చేసిందట!"

"మర్చిపోయానంటున్నానండీ..."

"స్వామి చక్రం ఎక్కడుందో మర్చిపోతావా!"

తెలియనిదాన్ని క్షమించడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు. తెలిసినదాన్ని క్షమించడానికి కాదు. ఒక్క మీట నొక్కి చూపిస్తే అయిపోయే సంగతి. ఆమె అందుకు మీట మీద వేలు కూడా పెట్టింది. మురహరి వచ్చి నా వైరు పీకేశాడు.

"చాల్లే, బయల్దేరు. రేపట్నుంచి రానక్కర్లేదు."

అట్టల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. టిఫిన్ డబ్బా మాత్రం బల్ల మీదే వదిలేసింది.

దేవుడి బొమ్మను చింపకూడదు కాబట్టి ఆ కట్టలన్నీ ఆటోలో వేసుకుపోయి కృష్ణలో కలిపారు. రంగు కాగితాలు నదికి పడతాయో లేదో ఎవరూ అడగలేదు. ఇక కొత్త బొమ్మ కావాలి. మురహరి బుజ్జిబాబును పిలిచి ఎస్తేరు ఫైలు తెరిపించాడు. బుజ్జిబాబు నా వైరు మళ్ళీ తగిలించి, పై మీట ఒక్కసారి నొక్కాడు. చక్రం కుడిచేతికి వచ్చింది, శంఖం ఎడమచేతికి వెళ్ళింది. "ఓకే, పంపెయ్" అన్నాడు మురహరి.

కొత్త క్యాలెండర్లు వచ్చిన రోజున విశ్వేశ్వరరావు గారు స్వయంగా ఒక కట్ట పట్టుకుని వచ్చారు. ఆ రోజే, వదిలేసి వెళ్ళిన టిఫిన్ డబ్బా కోసం ఎస్తేరూ వచ్చింది. ఆమెను చూడగానే మురహరికి ఫోనులో ఏదో పెద్ద పని పడింది. పెద్దాయనకు మాత్రం పాత కోపం లేదు. పండగ పూట మనిషిలా ఉన్నారు. క్యాలెండర్‌ను విప్పి, కళ్ళకు అద్దుకుని, ఆమె వైపు తిప్పారు.

"చూశావా అమ్మా, తెలిసినోళ్ళు వేస్తే ఎలా ఉంటుందో! ఆ కళ్ళలో కరుణ చూడు."

ఆమె చూసింది. తన గీత తనకు తెలియదా? నాకూ తెలుసు, నా ఒంటి మీద ఇప్పటికీ ఉంది. అరిచి చెబుతుందనుకున్నాను. చెప్పాలని కోరుకున్నాను కూడా.

"అవునండీ. తెలిసినవాళ్ళే వేశారు" అంది.

ఆ మాటకు విశ్వేశ్వరరావు గారు ఎంతో సంతోషించి, కట్టలోంచి ఒక క్యాలెండర్ తీసి ఆమె చేతికి అందించారు.

"మీ ఇంట్లో పెట్టుకోరేమో. అయినా ఉంచుకో, బొమ్మలు నేర్చుకునేదానివి కదా, చూసి వేసుకోవచ్చు."

ఎస్తేరు దాన్ని రెండు చేతులా అందుకుని, నలగకుండా చుట్ట చుట్టుకుని, డబ్బా తీసుకుని మెట్లు దిగింది.