క్లినిక్ అన్న మాట పుట్టిల్లు

డాక్టర్ విజయభారతి నడుస్తూనే ఉంది, మెడలో స్టెతస్కోపు ఊగుతుంటే, కాళ్ళకింద వీధి ఒకచోట బొబ్బిలి బజారులా ఇరుకై, మరోచోట తను చదువుకున్న హైస్కూలు వరండాలా నున్నగా మారిపోతుంటే, ఎంత నడిచినా ధర్మారావు మాస్టారి ఇల్లు మాత్రం రావడం లేదు. మాస్టారు పోయి పదకొండు రోజులైందని ఆమెకు తెలుసు. అయినా ఆలస్యమైతే ఆయన ఊరుకోరన్న భయంతోనే అడుగులు వేస్తోంది.

వరండా చివర నల్లబల్ల. దాని ముందు మాస్టారు, పక్కమీంచి లేచొచ్చినట్టు ఒంటినిండా దుప్పటి కప్పుకుని, సుద్దముక్కతో నిలబడి ఉన్నారు.

"రా, కూర్చో. ఇవాళ్టి మాట క్లినిక్. ఇంగ్లీషు దీనికి అత్తారిల్లు. పుట్టిల్లెక్కడ?"

"తెలీదు మాస్టారూ."

"పదహారేళ్ళుగా గుమ్మం మీద రాసి పెట్టుకున్నావు, ఒక్కసారైనా ఆరా తియ్యలేదేమ్మా? దీని పుట్టిల్లు గ్రీసు. అక్కడివాళ్ళ పాత భాషలో క్లీనే అంటే మంచం. మంచాన పడ్డవాడి దగ్గరికి వెళ్ళి చూసే వైద్యుడు క్లినికోస్."

ఆయన రాస్తున్న కొద్దీ అక్షరాలు బల్లమీంచి జారి నేలమీద పొడిగా రాలుతున్నాయి. ఆమె తల ఎత్తలేకపోతోంది. మాస్టారు జ్వరంతో మంచం పట్టిన వారంలో ఆయన భార్య కామాక్షమ్మగారు మూడుసార్లు పిలవడానికి వచ్చారు. మూడుసార్లూ విజయభారతి, కిక్కిరిసిన బెంచీలు చూపించి, "ఎలాగోలా ఆటోలో తీసుకొచ్చెయ్యండమ్మా" అని పంపేసింది. నాలుగోసారి కామాక్షమ్మగారు రాలేదు. కబురు వచ్చింది.

"మీరు లేవలేకపోతున్నారని అనుకోలేదు మాస్టారూ."

"మా ఆవిడ చెప్పలేదా?"

"చెప్పారు."

ఆమె మెడలోని స్టెతస్కోపు తీసి గుప్పిట్లో పట్టుకుంటుంది.

"నేనొచ్చుంటే బతికేవారా?"

"ఆ సంగతి నువ్వు నాకు చెప్పాలి. నేను ఇంగ్లీషు మాస్టార్ని."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపిస్తుంది. నాడి చూద్దామని చెయ్యి చాపి ముందుకు వెళ్తుంది, వెళ్తున్న కొద్దీ వరండా సాగిపోతూ ఉంటుంది, ఆయన చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోతూ, "ఇక్కడ కాదమ్మా, ఇంటికి రా" అంటుంటే, "దారి తెలీదు మాస్టారూ!" అని ఆమె గొంతు చించుకుంటుంది.

"అమ్మా! అమ్మా! ఏటైనాదమ్మా?"

ఆయా సన్యాసమ్మ భుజం పట్టి కుదుపుతోంది. మధ్యాహ్నం మూడు. క్లినిక్‌లో రాసే బల్లమీదే తల వాల్చి నిద్రపోయింది డాక్టరమ్మ. నోరు పిడచకట్టుకుపోయింది.

"సన్యాసమ్మా, ధర్మారావు మాస్టారి ఇల్లు ఎక్కడ?"

సన్యాసమ్మ వింతగా చూసి, వెనక కిటికీ తెర పక్కకు లాగింది.

"అదేటమ్మా, ఇక్కడ్నుంచే అవుపడతాది కదా. అదిగో, ఆ నీలం గోడ."

నాలుగిళ్ళ అవతల, నీలం గోడకు ఒక మంచం నిలబెట్టి ఉంది. దాని నవారు విప్పేసి, ఉతికి, దండెం మీద ఆరేశారు.