దారిలో దిగిన గంపలు

బస్సు ఇంకా మలుపు తిరగకముందే అక్సా చంకలోని పిల్లవాణ్ణి ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చుకుంది. లక్కడ్‌కోట్ స్టాపులో అంత జనం ఉన్నారు. కాలేజీ పిల్లలు, బ్యాంకు పనికి పోయే ముసలివాళ్లు, రాజురా వారపు అంగడికి పోయే ఆడవాళ్లు, వాళ్ల కాళ్ల దగ్గర గంపలు. ఆడవాళ్లకు సగం టికెట్ అయినప్పటి నుంచి చంద్రపూర్ పోయే పొద్దుటి ఎర్ర బస్సులో నిలబడే జాగ కూడా దొరకడం లేదు.

పోయిన వారం ఆ బస్సు ఆగనే లేదు. వెనక ఇంకోటి వస్తుందన్నట్టు డ్రైవరు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. వెనక దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

జెరెమీకి పుట్టుకతోనే కుడిపాదం లోపలికి తిరిగి ఉంది. చంద్రపూర్ పెద్దాసుపత్రిలో దాన్ని వారం వారం కొంచెం కొంచెంగా సరిచేస్తూ కొత్త సిమెంట్ పట్టీ వేస్తున్నారు. ఒక వారం తప్పింది. ఇంకోటి తప్పితే చేసిందంతా వృథా, పాదం మళ్లీ మొదటికొస్తుందని నర్సు ఫోన్లో గట్టిగానే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి అక్సాకు అన్నం సహించలేదు. భర్త సుకుమార్‌కు గనిలో పొద్దుటి డ్యూటీ, బండి అతనితోనే పోతుంది. ఇక మిగిలింది ఈ బస్సే.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అత్త సంతోషమ్మ పిల్లవాడి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "దేవుడు బస్సు ఆపుతడు తియ్యి. కని ఎక్కుడైతె నువ్వే ఎక్కాలె" అంది.

దేవుడు బస్సు ఆపాడు. ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, పుస్తకాలు లోపలికి పడ్డాయి. ఎవరి రుమాలు పడితే వాళ్లదే సీటు. అక్సా తలుపు దాకా పోలేక కిటికీల కిందే నలిగిపోతోంది. అప్పుడు పైనుంచి ఒక పెద్దావిడ, వక్కాకు నమిలిన ఎర్రటి నోటితో, రెండు చేతులూ బయటికి చాపింది.

"పోరన్ని ఇటియ్యి బిడ్డా. నువ్వు తలుపుకాడి నుంచి రా."

అందరూ చేసే పనే అది. అక్సా ఆలోచించలేదు. జెరెమీని ఎత్తి కిటికీలోంచి అందించేసి తలుపు వైపు ఉరికింది.

తలుపులో వీపులు తప్ప మనుషులు కనబడలేదు. నడిచే దారినిండా గంపలు. "పుఢే సరకా, పుఢే సరకా!" అని కండక్టర్ మరాఠీలో అరుస్తున్నాడు. ముందుకు జరగమంటే ఎవరు జరుగుతారు, ఎక్కడికి? "జాగ లేదు బాయీ, లేదు" అంటూ గంట కొట్టాడు. బస్సు కదిలింది.

"నా పోరడు! లోపల నా పోరడున్నడు!"

ఇంజిను చప్పుడులో ఆ కేక కలిసిపోయింది. అక్సా పరుగెత్తింది. ఒక చెప్పు ఊడిపోయింది. రెండోది తనే విదిల్చేసింది. కళ్లలో దుమ్ము, నోట్లో దుమ్ము. యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ ఉరుకుతూనే ఉంది.

లోపల ఆ పెద్దావిడ పెట్టిన గోలకు జనమంతా బస్సు రేకులు బాదారు. ఊరి చివర కల్వర్టు మోరీ దగ్గర బస్సు ఆగింది. అక్సా రొప్పుతూ చేరేసరికి జెరెమీ కిటికీలో కూర్చుని వంకాయ తొడిమ చీకుతున్నాడు. వాడికేమీ పట్టలేదు.

"పిల్లగాన్ని బస్సుల ఏసి ఉరుకుతవా?" కండక్టర్ కసిరాడు.

"ఆమెనేమంటవ్? గంట కొట్టింది నువ్వు గాదా? ఎక్కించుకో" అంది ఆ పెద్దావిడ.

"ఏడ ఎక్కుతది? నా నెత్తి మీదనా?"

అక్సా కిటికీ అంచు పట్టుకుంది. "పెద్దమ్మా, దవాఖానకు... ఇయ్యాల పోకుంటె కాలు మళ్ల వంకరైతది."

ఆ పెద్దావిడ పిల్లవాడి కాలికున్న పట్టీని తడిమి చూసింది. పక్కవాళ్లతో, "నా గంపలు దించుండ్రి" అంది. వంకాయల గంపలు ఒక్కొక్కటే రోడ్డు మీదికి దిగాయి. వాటి వెనకే ఆమె దిగి, పిల్లవాణ్ణి తల్లి చేతికిచ్చింది.

"నీ అంగడి పెద్దమ్మా?"

"వంకాయలకు కాళ్లు లేవు, యాడికి పోవు. నీ కొడుక్కు కాళ్లు గావాలె. ఎక్కు ముందు."

గంపలున్న చోట అక్సా నిలబడింది. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, ఆ మనిషి ఎండలో గంపల నడుమ కొంగు నెత్తిన వేసుకుని కనబడింది. పేరైనా అడగలేదే అని అక్సా దారంతా ఏడ్చింది. ఆ రోజు కొత్త పట్టీ పడింది. పాదం చెడలేదని డాక్టర్ అన్నప్పుడు ఆమెకు మొదట గుర్తొచ్చింది ఆ ఎర్రటి నోరే.

మరుసటి వారం బస్సు వచ్చినప్పుడు ఎన్ని చేతులు చాపినా పిల్లవాణ్ణి ఇవ్వనని రొమ్ముకు అదుముకుంది. కానీ తలుపు దగ్గర తోపులాట లేదు. లోపల నడిచే దారి ఖాళీగా ఉంది!

"రా బిడ్డా, రాణి లెక్క నడిచి రా!" అదే గొంతు. పేరు రుక్మిణి అని అప్పుడు తెలిసింది.

"గంపలేవి పెద్దమ్మా?"

రుక్మిణి వెనక్కి చూపించింది. బస్సు వెనకాలే కిరాణా దుకాణం ఈశ్వరయ్య టెంపో వస్తోంది, నిండా గంపలు. అంగడి రోజు అతను సరుకు తేవడానికి రాజురాకు ఖాళీ టెంపోతోనే పోతాడట. ఆనాడు మోరీ దగ్గర ఈమెను చూసి ఎక్కించుకున్నాడట.

"ఇన్నొద్దులు బస్సుల నలుగుకుంట పోయిండ్రు. ఒక్క మాట అడిగితె మీ నోరు అరుగుతుండెనా అన్నడు. నువ్వు చెప్తె నీ నోరు అరుగుతుండెనా సేటూ అన్న నేను" అని రుక్మిణి నవ్వింది.

అప్పటి నుంచి గంపలు టెంపోలో, మనుషులు బస్సులో. గంపలకు కాపలాగా ఒకామె వంతులవారీగా టెంపోలో కూర్చుంటుంది. బస్సు ఇప్పటికీ నిండుతుంది, కానీ ఏ స్టాపులోనూ ఆగకుండా పోవడం లేదు. ఆ తర్వాత జెరెమీకి ఒక్క వారం కూడా తప్పలేదు. మోరీ వచ్చిన ప్రతిసారీ అక్సా కళ్లు మూసుకుని రుక్మిణి కోసం, ఈశ్వరయ్య కోసం, రేకులు బాదిన ఊరూ పేరూ తెలియని చేతుల కోసం ప్రార్థన చేస్తుంది.

వానలు వెనకబట్టేసరికి పట్టీలు పోయాయి. ఒకరోజు డాక్టరుకు చూపించడానికి బస్సులో పోతుంటే జెరెమీ తల్లి ఒళ్లోంచి జారి, గంపలుండే ఆ దారిలో, రెండు పాదాలూ సమంగా ఆనించి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. బస్సు కుదుపుకు చతికిలబడ్డాడు. అక్సా వంగబోతే రుక్మిణి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"పడనియ్యి బిడ్డా. పడెటందుకు గూడ జాగ ఉన్నది ఇప్పుడు."