సగం నిండిన ట్యాంకు

కారు చెరువులోకి దిగినప్పటి నుంచీ కట్టమీదున్న రంగక్కకు కాలు ఒకచోట నిలవలేదు.

అది 1986. రెండేళ్లుగా వానల్లేక వై.ఎన్.హొసకోట చెరువు ఎండి గట్టి మైదానమైంది. అందులో రేసుకారు తోలుతున్నవాడు శివన్న. పక్క ఊరు రాయచెర్లు మనిషే, బెంగళూరులో లారీలు పెట్టుకున్నాడు. పక్క సీట్లో ఉన్నది రంగక్క భర్త ఈశ్వరప్ప. శెనక్కాయ పంట పోయి, ఎద్దులబండ్ల పని చేయించుకునేవాళ్లే లేని రోజుల్లో శివన్న వచ్చి, దూరపు రేసు కోసం పెద్ద పెట్రోలు ట్యాంకు చేయమన్నాడు. ఈశ్వరప్ప వారం రోజులు వెల్డింగు చేసి, కారు వెనక చివరన ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెడల్పాటి ట్యాంకు బిగించాడు. కారు కుదిరితే ఆదివారం రేసుకు అతన్ని మెకానిక్కుగా తీసుకుపోతానన్నాడు శివన్న. నచ్చితే ఏడాది పొడుగునా తనతోనే.

కుదరకూడదని రంగక్క మొక్కుకుంది. కిందటి కరువులో, వచ్చే దినం చెప్పి లారీ ఎక్కిన తమ్ముడు ఇంతవరకు తిరిగి రాలేదు.

పొద్దున నిండు ట్యాంకుతో కారు బాగానే తిరిగింది. పెట్రోలు సగానికి వచ్చాక మాత్రం, మలుపు తిప్పినప్పుడల్లా వెనక భాగం విసురుగా పక్కకు కొట్టుకుంది. ఒకసారి రెండు చక్రాలు గాల్లోకి లేచాయి. రంగక్క కళ్లు మూసుకుంది.

కట్ట కింద కారు ఆపి దిగుతూ శివన్న నవ్వాడు. "నీ ట్యాంకు ఎనుము మాదిరి తంతాండాది ఈశ్వరన్నా!"

"నువ్వు తోలేది అట్లుండాది. మలుపుల్లో నిదానంగా పోతే సరిపోతాది."

"సరేప్పా, ఇట్లే పోదాం."

ఇట్లే పోతారట! తనకు తెలిసింది చెప్పకపోతే ఈ కారులోనే పోతాడు. చెబితే కారు కుదురుతుంది, ఏడాదంతా పోతాడు. రంగక్క పెదవి కొరుక్కుంది. చివరికి నోరు ఆగలేదు.

"బండిమీద నీళ్ల డ్రమ్ము తెచ్చేది నేను. సగముంటే మలుపులో నీళ్లన్నీ ఒకపక్కకే ఉరుకుతాయి, బండిని పడదోస్తాయి. అందుకే వేపకొమ్మలు కుక్కుతా."

"పెట్రోల్లో వేపకొమ్మలా వదినా! కారుకు అమ్మవారు పోసిందా ఏంది?"

"నవ్వు, నవ్వు. కొమ్మలు వద్దంటే లోపల రేకులు అడ్డంపెట్టి, వాటికి బొక్కలు పొడవండి. పెట్రోలు మెల్లగా పోతాది గానీ ఒక్కసారిగా ఉరకదు."

ఈశ్వరప్ప నవ్వలేదు. వంగి కారు వెనక చక్రాల వైపు చూశాడు. "బరువు ఇరుసుకు వెనక పడినా తప్పే. మూటలు వెనకేస్తే కాడి పైకి లేస్తాది గదా. ట్యాంకును సీటు దగ్గరికి జరపల్ల."

పెట్రోలు ఒంపేశారు. వెల్డింగులో మంట అంటుకోకుండా ట్యాంకు కడగడానికి రంగక్క తాగేనీళ్లే రెండు బిందెలు ఇచ్చింది. బాగా ఎండబెట్టాక ఈశ్వరప్ప దాన్ని కోసి, మూడు అడ్డురేకులు అతికించి, ముందుకు జరిపి బిగించాడు.

శనివారం పొద్దున కారు సగం ట్యాంకుతో చెరువంతా తిరిగింది. ఎంత వేగంగా తిప్పినా నేలను కరుచుకుని పోయింది.

"వదినా, అన్నను ఇంక నీకియ్యను!" అని కేకేశాడు శివన్న.

ఈశ్వరప్ప సంచి తీసుకుని కారెక్కాడు. "సోమవారానికి వస్తాలే."

"దినం చెప్పొద్దు," అంది రంగక్క. "పో."

కారు కట్ట దగ్గర మలుపు తిరిగింది. వెనక భాగం కొంచెం కూడా ఊగలేదు. దుమ్ము అణిగిపోయినా ఆమె ఇంటిదారి పట్టలేదు. కట్టమీద అటూ ఇటూ నడుస్తూనే ఉంది.