ఒక సిప్పర్ పదవీ విరమణ

నేను ఒక సిప్పర్‌ని. అంటే పసిపిల్లలు తాగడానికి మూతకు ముక్కు పెట్టి చేసిన ప్లాస్టిక్ కప్పుని. వేడివేడిగా అచ్చులోకి దిగి, చల్లారేసరికి రెండు పిడులతో ఆకుపచ్చగా బయటపడ్డాను. ఫ్యాక్టరీలో ఒకాయన నన్ను తలకిందులు చేసి, గట్టిగా ఊపి, చుక్క కూడా కారలేదని తల పంకించాడు. అదే నా డిగ్రీ అనుకున్నాను.

కాకినాడలో పద్మప్రియ అనే ఆవిడ నన్ను కొన్నది. ఆమె కూతురు ఊర్మికి అప్పుడే మొదటి పుట్టినరోజు అయింది. ఇంట్లోకి కొత్త సోఫా కూడా అప్పుడే వచ్చింది. నన్ను కొన్నది పిల్ల కోసమని అందరికీ చెప్పిందిగాని, నిజానికి సోఫా కోసమే.

ఊర్మి నన్ను క్షణం వదిలేది కాదు. బొమ్మలతో ఆడుతూ ఒక గుక్క, మెట్లెక్కుతూ ఒక గుక్క, కునుకు తీస్తూ ఇంకో గుక్క. పొద్దున పంచదార పాలు పోసేవారు. తర్వాత డబ్బా మామిడి రసం, ఆపైన బలానికని చాక్లెట్ పొడి కలిపిన పాలు, జలుబు చేయకుండా తేనె నీళ్ళు. మంచినీళ్ళ మొహం నన్ను కడిగేటప్పుడే చూసేదాన్ని.

అలా ఊర్మికి మాటలొచ్చాయి, పళ్ళూ వచ్చాయి. ఒకరోజు ఒళ్ళో పడుకుని పిల్ల నవ్వుతుంటే నాయనమ్మ మాణిక్యాంబ నవ్వు ఆగిపోయింది.

“పద్మా, దీని ముందుపళ్ళు చూశావా? చిగురు దగ్గర గోధుమరంగు తిరిగాయి.”

“పాలపళ్ళేగా అత్తయ్యా, ఎలాగూ ఊడిపోతాయి కదండీ.”

“ఊడేదాకా నవిలేది వాటితోనేగా?”

పళ్ళ డాక్టరమ్మ ఊర్మి పళ్ళకు ఏదో పూత పూసి, నా మూత తీసి వాసన చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఇది కారదు కాబట్టి రోజంతా పాప చేతిలోనే ఉంటోంది. చేతిలో ఉంది కాబట్టి చప్పరిస్తూనే ఉంటోంది. పళ్ళకి తీపి నుంచి తెరిపి ఏదమ్మా? మూత లేని చిన్న కప్పు ఇవ్వండి. భోజనంతో పాటు చప్పటి పాలు, దాహమేస్తే మంచినీళ్ళు. రసాలొద్దు, పండే తినిపించండి.”

“ఒలకబోసేస్తుందండీ.”

“పొయ్యనివ్వండి. నేల తుడుచుకోవచ్చు. పుచ్చిన పన్ను తుడిస్తే బాగవదు.”

నన్ను పప్పు డబ్బా వెనక దాచారు. ఊర్మి పట్టేసుకుంది. మరోచోట దాచి, కాకి ఎత్తుకుపోయిందన్నారు. ఊర్మి బాల్కనీలో నిలబడి, ఇడ్లీ ముక్కలు లంచం పెట్టి, వచ్చిన ప్రతి కాకినీ నిలదీసింది. కాకులు ఇడ్లీ తిని, తమకేమీ తెలియదన్నట్టు ఎగిరిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటే నన్ను మళ్ళీ బయటికి తీశారు.

ఆ నెలలోనే మాణిక్యాంబ తపాలా ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరైంది. మర్నాడు ఊర్మి అడిగింది.

“నానమ్మా, ఆఫీసుకెళ్ళవా?”

“లేదమ్మా. చాలా పనిచేశానని దండేసి ఇంటికి పంపేశారు. ఇంక నాకు పని చెప్పరు.”

ఊర్మి వెళ్ళి నన్ను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

“ఇది కూడా చాలా పని చేసింది.”

మాణిక్యాంబ ఆ సాయంత్రమే హాల్లో సభ పెట్టించింది. ఫ్లాట్లవాళ్ళంతా వచ్చారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, జేబురుమాలు శాలువాగా కప్పి, మెడ లేదు కాబట్టి పిడికి మల్లెదండ తగిలించారు. అసోసియేషన్ కార్యదర్శి భాస్కరమూర్తిగారు లేచి, సేవానిరతి, క్రమశిక్షణ, లోపలి విషయం బయటికి పొక్కనివ్వని నిబ్బరం అంటూ కళ్ళు చెమర్చేలా మాట్లాడారు. కూర్చున్నాక పక్కాయన చెవిలో, “ఇంతకీ రిటైరైనాయన ఇంకా రాలేదేంటండీ?” అన్నారు.

“ఇప్పుడు రిటైరైనవాళ్ళు రెండు మాటలు చెప్పాలి,” అంది మాణిక్యాంబ. హాలంతా నా వైపు చూసింది. అందరూ నిజంగానే ఎదురుచూశారు. ఊర్మి వచ్చి నా ముక్కుకి చెవి ఆనించి చాలాసేపు వింది.

“అలిసిపోయిందంట,” అంది.

ఆ మాట నేను అనలేదు. కానీ నిజమే.

పద్మప్రియ చిన్న స్టీలు కప్పులో మంచినీళ్ళు ఇచ్చింది. ఊర్మి సగం తాగి, సగం సోఫా మీద పోసింది. పద్మప్రియ కళ్ళు మూసుకుని, తెరిచి, చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు నా నివాసం షోకేసు. ఊర్మి పళ్ళ మీద మచ్చలు ముదరలేదని డాక్టరమ్మ చెప్పిందట. మొన్న పక్క ఫ్లాటు సుభాషిణి బిడ్డనెత్తుకుని వచ్చి, రసం పోద్దామని షోకేసు తెరిచి నా మీద చెయ్యి వేసింది. ఊర్మి అడ్డంగా నిలబడింది.

“దానికి పని చెప్పకూడదు ఆంటీ. రిటైరైంది.”

“మరి మావాడు దేంతో తాగాలే?”

ఊర్మి తన కప్పులో నీళ్ళు తెచ్చి, రెండు చేతులా పట్టుకుని వాడి నోటికి అందించింది. వాడు ఒక గుక్క మింగి, ఉక్కిరిబిక్కిరై, ఇద్దరినీ తడిపేసి, కిలకిలా నవ్వాడు. వాడి నోట్లో అప్పుడే మొలిచిన రెండు పళ్ళు తెల్లగా, తడిగా మెరిశాయి.

నేను అద్దం వెనక నుంచి చూస్తూ కూర్చున్నాను. ఖాళీగా ఉండడం ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.