కొంగు వాసన

పొద్దున లేవగానే నా మొదటి పని మా ఆయన దామోదర్ రాత్రి తాగొచ్చి కక్కింది కడగడం. పద్నాలుగేళ్ల కాపురంలో వాకిట్లో ముగ్గు వేసిన రోజులకంటే ఇది కడిగిన రోజులే ఎక్కువ. ఆవేళ గుడ్డ చేతికి దొరక్క నా కొంగుతోనే తుడిచాను. "నువ్వు నర్సువే గదనే, గీ పని నీకు కొత్తనా?" అంది అత్తమ్మ, చాయ్ తాగుతూ. కొడుకును మాత్రం ఒక్క మాట అనలేదు.

దవాఖానలో డ్యూటీ ఎక్కిన గంటకు సోమమ్మను తెచ్చారు. గొర్రెలు కాసే ఇంటి మనిషి, నలభై దాటి ఉంటాయి. ఆటోవాడు దింపి పోయాడు, ఇంటివాళ్లెవరూ రాలేదు. పిలిస్తే పలకడం లేదు. ఒళ్లంతా చెమట. గుప్పుమని మందు కంపు. ఇంట్లో ఇదే, ఇక్కడా ఇదేనా అని నాకు ఒళ్లు మండిపోయింది. ఆడదానివి, నీకేం పోయేకాలమే అనుకున్నాను. మగవాళ్లను తెచ్చినప్పుడు ఏనాడూ అలా అనుకోలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, సెలైన్ పెట్టి, కేసు షీటులో 'మద్యం మత్తు' అని రాశాను. తాగి పడిపోయారని ఎవరిని తెచ్చినా ముందు వేలు పొడిచి షుగర్ చూడాలి. కొత్తగా చేరిన పిల్లలకు అది నేర్పేది నేనే. ఆ ఒక్కటే చెయ్యలేదు. మత్తు దిగితే అదే లేస్తుందిలే అని వదిలేశాను.

గంటన్నరకు వాళ్ల పక్కింటి మారెమ్మ పరుగెత్తుకొచ్చింది. "తాగుడా? అయ్యో సిస్టరమ్మా, గామె సుక్క ముట్టదు! మొగడు తాగి కక్కుకుంటే కొంగుతోని తుడిసింది. షుగర్ గోలి ఏసుకుంది గని, గా గలీజు కడుక్కుంట బువ్వ తినుడే మర్సింది."

వేలు పొడిచాను. షుగర్ ఇరవై రెండు. డెబ్బైకి తగ్గకూడదు. వెంటనే గ్లూకోజు ఎక్కించాను. షుగర్ పెరిగింది. సోమమ్మ మాత్రం కదలలేదు, సాయంత్రమైనా కళ్లు తెరవలేదు. వంగి ఆమె నోటి వాసన చూశాను. ఏమీ లేదు. నేనూ ఒక మనిషినేనా అని ఏడుపొచ్చింది.

"షీటు మార్చి రాయి స్వర్ణా, ఎవరడుగుతరు?" అన్నాడు డాక్టర్ మెల్లగా.

అప్పుడే ఫోను. అత్తమ్మ. "వాడు మళ్ల కక్కిండు. జల్ది రా."

"నువ్వే తుడువు అత్తమ్మా" అని పెట్టేశాను.

షీటు మార్చలేదు. 'మద్యం మత్తు' కింద టైము వేసి రాశాను: 'ఈమె తాగలేదు. వాసన నోటిది కాదు, కొంగుది. గంటన్నర షుగర్ చూడనిది స్టాఫ్ నర్సు స్వర్ణ.'